వేసవి రెండు నెలలు – మన దిండి అమ్మాయి పరిశోధన అనుభవం

(వార్షిక సమావేశం సందర్భంగా దిండిలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని విద్యాభివృద్ధి గురించి మాట్లాడమన్నారు. బళ్ళో సైన్సు చెప్పుకుంటూ జుట్టు నెరిసినవాళ్ళం. ఈ అంశం మీద ఎన్ని సభల్లో మాట్లాడామో లెక్కలేదు. ఈసారి అంత పెద్ద మాటలు వద్దనుకున్నాం. మన ఊరి అమ్మాయి ఒకరు 2023 వేసవిలో రెండు నెలలు హైదరాబాదులోని ఒక ప్రభుత్వ పరిశోధనాలయంలో ఉండి వచ్చింది. ఆ సంగతి ఒక్కటే చెబుతాం. అమ్మాయి పేరు చెప్పం, తనే వద్దంది. "సార్, అక్కడ నేను చేసిన పని సగం తప్పిపోయింది. పేరు వేస్తే అందరూ ఏమనుకుంటారు?" అని అడిగింది. ఆ సగం తప్పిపోయిన పని గురించి చెప్పాలనే మేము ఇవాళ మైకు పట్టుకున్నాం.

ముందు ఈ ఉపకార వేతనం ఏమిటో చెప్పాలి. మన దేశంలో పెద్ద విజ్ఞాన అకాడమీలు మూడున్నాయి. 1934లో సి.వి. రామన్ గారు బెంగళూరులో స్థాపించినది ఒకటి, ఢిల్లీలో ఒకటి, అలహాబాదులో ఒకటి. ఈ మూడూ కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తాయి. డిగ్రీ, పీజీ, ఇంజినీరింగు చదివే పిల్లలు, కళాశాల అధ్యాపకులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంపికైన వారిని దేశంలో ఏదో ఒక శాస్త్రవేత్త దగ్గరకు రెండు నెలలు పంపుతారు. నెలకు భత్యం ఇస్తారు, రైలు ఛార్జీ తర్వాత తిరిగి ఇస్తారు. ప్రవేశ పరీక్ష ఉండదు. మార్కులు, ఒక అధ్యాపకుడి సిఫార్సు లేఖ, 'నేను ఏం తెలుసుకోవాలనుకుంటున్నాను' అని విద్యార్థి రాసిన నాలుగు మాటలు, ఇవే చూస్తారు. బొంబాయిలోని టాటా సంస్థ, బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రం కూడా ఇలాంటివి నడుపుతున్నాయి.

అకాడమీల గడువు సాధారణంగా నవంబరు చివరికల్లా ముగిసిపోతుంది. ఈ ఒక్క ముక్క తెలియక మేము ఒక పిల్లవాడికి అన్యాయం చేశాం. అంతకు ముందు ఏడాది, రసాయన శాస్త్రంలో ఈ అమ్మాయి కంటే చురుకైన కుర్రాడు ఒకడు మా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, వేసవిలో ఏమన్నా నేర్చుకునే వీలుందా?" అని అడిగాడు. మేము విచారించి, అడ్రసు సంపాదించి, సంతోషంగా కబురు చేసేసరికి సంక్రాంతి వెళ్ళిపోయింది. గడువు దాటి నెలన్నర. తరువాతి ఏడాదికి అతని డిగ్రీ అయిపోయింది. ఇప్పుడు రొయ్యల మేత అమ్మే దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. కనిపించినప్పుడల్లా నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం తీసుకోవడం మాకు కష్టంగానే ఉంటుంది.

కాబట్టి ఈ అమ్మాయి విషయంలో అక్టోబరు నుంచే వెంటపడ్డాం. వాళ్ళ అబ్బా పర్యాటకుల బోట్ల మీద వంట చేస్తారు. అమ్మీ కువైట్‌లో ఒక ఇంట్లో పని. ఇంట్లో దాదీ, ఇద్దరు తమ్ముళ్ళు. పొద్దున్నే వంట చేసి, తమ్ముళ్ళకు డబ్బాలు సర్ది, కాలేజీకి బస్సు ఎక్కే పిల్ల. దరఖాస్తులో రాయవలసిన నాలుగు మాటలు మొదట ఎక్కడి నుంచో చూసి రాసుకొచ్చింది. చిన్నతనం నుంచీ తనకు విజ్ఞానమంటే ప్రాణమట, దేశానికి సేవ చేయాలట. మేము ఎర్ర ఇంకుతో కొట్టేశాం. "నీకు నిజంగా తెలియక బుర్ర గోక్కునే విషయం ఏదన్నా ఉందా?" అని అడిగాం. కాసేపు ఊరుకుని, "రొయ్య చావకుండా, పెరగకుండా ఎందుకుండిపోతుంది సార్?" అంది.

ఇక్కడ కూర్చున్న వారిలో చెరువులు చేసిన వాళ్ళున్నారు కనుక ఆ ప్రశ్న బరువు మీకు తెలుసు. 1994, 95ల్లో తెల్లమచ్చ వచ్చి టైగరు రొయ్య ఎలా పోయిందో, ఎంతమంది కౌలుదార్లు మునిగారో పెద్దవాళ్ళు మరచిపోలేదు. ఆ మునిగినవారిలో ఈ అమ్మాయి తాతగారు ఒకరు. 2009లో వనామీకి అనుమతి వచ్చాక మళ్ళీ చెరువులు నిండాయి. ఇప్పటి బాధ వేరే. ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి రొయ్య కాలేయంలాంటి అవయవంలో చేరుతుంది. రొయ్య ఒక్కసారిగా చచ్చి తేలదు. మేత తింటుంది, కౌంటు మాత్రం రాదు. రైతు మేత కొంటూనే ఉంటాడు, అప్పు పెరుగుతూనే ఉంటుంది. అమ్మాయి ఇదంతా తనకు తెలిసిన తెలుగులో రెండు పేజీలు రాసింది. తరువాత కూర్చుని ఇంగ్లీషులోకి మార్చుకున్నాం. ఆ ఇంగ్లీషు గొప్పదేమీ కాదు. ఎంపిక ఉత్తరం మార్చిలో వచ్చింది.

ఉత్తరం రాగానే సంతోషించామనుకుంటున్నారా? ఆ రోజు నుంచే చిక్కులు మొదలయ్యాయి. దాదీ గారికి ఒకటే దిగులు. ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు, ఆడపిల్ల ఒక్కతీ హైదరాబాదులో రెండు నెలలు ఎలా ఉంటుంది, వచ్చే సంబంధాల వాళ్ళు ఏమడుగుతారు? ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మేము చెప్పిన సమాధానాలేవీ ఆమెకు ఆనలేదు. చివరికి కువైట్ నుంచి తల్లి ఫోనులో మాట్లాడింది. "అత్తమ్మా, నేను సముద్రం దాటి ఒకరి ఇంట్లో గిన్నెలు తోమడానికి వెళితే ఊరు ఏమీ అనలేదు. నా కూతురు చదువుకోవడానికి పాలకొల్లులో రైలెక్కితే అంటుందా?" అంది. ఫోను స్పీకరులో ఉంది, మేమందరం విన్నాం. దాదీ గారు ఇంకేమీ అనలేదు. లేచి లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చారు.

తరువాత డబ్బు. రైలు ఛార్జీ తిరిగి ఇస్తారు నిజమే, కానీ ముందు మనమే పెట్టుకోవాలి. భత్యం వచ్చేది పనిలో చేరిన తరువాత. హాస్టలుకు అడ్వాన్సు, మొదటి నెల మెస్సు, పరుపు, నాలుగు జతల బట్టలు, ప్రయాణం, అన్నీ కలిపి 14,000 రూపాయలు తేలింది. అమ్మాయి తండ్రి మన సంస్థకు దరఖాస్తు పెట్టారు. అది విద్యా ఉపసంఘం ముందుకు వచ్చింది. అందులో మేమూ ఉన్నాం. నిబంధన తీసి చదివి వినిపించింది కూడా మేమే. కళాశాల రసీదు జతపరిచిన ఫీజులకు మాత్రమే సహాయం, దరఖాస్తులు జూన్ తరువాత స్వీకరిస్తాం అని ఉంది. ఇది ఫీజు కాదు, నెల జూన్ కాదు. దరఖాస్తు తిరస్కరించాం. అదే సమావేశంలో ప్రతిభావంతులకు ఇవ్వవలసిన షీల్డులకు, శాలువాలకు ఆర్డరు ఖాయం చేశాం. షీల్డుల ఖర్చు ఎంతో ఇక్కడ చెప్పం. 14,000 కంటే ఎక్కువే.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ముగ్గురు ఉపాధ్యాయులం, పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన కలిసి ఆ డబ్బు జమ చేశాం. తండ్రి దానంగా తీసుకోనన్నారు. "భాయ్, దానం కాదు, ఖర్జె హసనా అనుకోండి. వడ్డీ లేదు, గడువు లేదు, వీలైనప్పుడు ఇవ్వండి" అన్నాం. అప్పుడు కవరు తీసుకున్నారు.

కోనసీమకు ఇప్పటికీ రైలు లేదు. కోటిపల్లి లైను వస్తుందని మా చిన్నప్పటి నుంచీ వింటున్నాం. చించినాడ వంతెన దాటి పాలకొల్లులో రైలెక్కించాం. రైలు కదిలాక అబ్బా గారు వంతెన దాకా ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇక అక్కడ జరిగింది. మన రోడ్ల పక్కన 'సీడు పరీక్ష – పీసీఆర్ ల్యాబు' అని బోర్డులుంటాయి కదా. చిన్నప్పటి నుంచీ ఆ బోర్డుల ముందు నుంచే బడికి వెళ్ళినా, పీసీఆర్ అంటే ఏమిటో అమ్మాయికి తెలియదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, మాకూ అంతంతమాత్రమే తెలుసు. తిరిగి వచ్చాక తనే మాకు పాఠం చెప్పింది. సూక్ష్మజీవి తాలూకు డీఎన్‌ఏ నమూనాలో రవ్వంత ఉంటుంది, కంటికి గానీ మామూలు పరీక్షకు గానీ అందదు. దాన్ని 95 డిగ్రీల వరకు వేడిచేస్తే నిచ్చెనను నిలువునా చీల్చినట్టు రెండు పాయలుగా విడిపోతుంది. చల్లబరిస్తే మనం వేసిన చిన్న ముక్కలు సరైన చోట అతుక్కుంటాయి. మళ్ళీ 72 డిగ్రీలకు తెస్తే ఒక ఎంజైము ఆ ముక్క నుంచి మిగతా పాయను అల్లుతుంది. ఒకటి రెండయింది. ఇలా ముప్పై సార్లు చేస్తే ఒకటి 107 కోట్లు అవుతుంది. అంత వేడికి తట్టుకునే ఎంజైము అమెరికాలో వేడినీటి బుగ్గల్లో బతికే బాక్టీరియా నుంచి వచ్చిందట. ఈ పద్ధతి కనిపెట్టిన కేరీ మల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమతి ఇచ్చారు. బుగ్గల్లో బాక్టీరియాను వెతికినవాళ్ళు రొయ్యల కోసం వెతకలేదు కదా సార్ అని అమ్మాయి అంది. ఆ మాట మేము ఇప్పుడు తరగతిలో వాడుకుంటున్నాం.

మొదటి రెండు వారాలు చేతికి పిపెట్ ఇచ్చి నీళ్ళు కొలవమన్నారట. లీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రోలీటరు. అలాంటివి ఒకటి, రెండు తీసి గొట్టంలో వేయాలి. వేలు కాస్త వణికినా లెక్క తప్పుతుంది. ఫోను చేసి "నీళ్ళు పోయడానికా నేను వచ్చింది?" అని ఏడ్చింది. చపాతీ పిండి కుదరడానికి దాదీ దగ్గర ఎన్నాళ్ళు పట్టిందో గుర్తు చేసుకోమన్నాం. కోపంగా ఫోను పెట్టేసింది.

మూడో వారంలో అసలు పరీక్ష పెట్టింది. ఇలాంటి పరీక్షలో నమూనాల పక్కన ఒక గొట్టంలో డీఎన్‌ఏ వేయకుండా వట్టి నీళ్ళు వేస్తారు. అందులో ఏమీ రాకూడదు. అందులో కూడా వచ్చిందంటే ఎక్కడో కల్తీ జరిగిందని అర్థం, మిగతా గొట్టాల్లో వచ్చినదాన్నీ నమ్మకూడదు. అమ్మాయి చూసేసరికి నమూనాల్లో గీత వచ్చింది, నీళ్ళ గొట్టంలోనూ వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ వచ్చింది.

ఆ సాయంత్రం ల్యాబులో ఎవరూ లేరట. నీళ్ళ గొట్టం వరుసను ఫోటోలో కత్తిరించేస్తే మిగతాది చక్కగా ఉంటుంది, ఎవరికీ తెలియదు. అలా అనిపించిందని మాకు దాచకుండా చెప్పింది. అంతటితో ఆగకుండా, "ఇంటర్‌లో మేము అలాగే చేసేవాళ్ళం కదా సార్" అంది.

నిజమే. దానికి జవాబు చెప్పవలసింది మేము. లోలకం ప్రయోగంలో పిల్లవాడు ఊగింపులు లెక్కపెట్టినా పెట్టకపోయినా రికార్డులో 980 రావాలి. వస్తుంది. సీనియర్ రికార్డు చూసి వెనక నుంచి లెక్క కట్టుకుంటాడు. మా ఉన్నత పాఠశాలలో కటకం నాభ్యంతరం కనుక్కోమంటే, పిల్లలు పెట్టె మీద రాసి ఉన్న అంకె చూసి అదే వేస్తారు. కొలిచి వేరే అంకె రాసిన పిల్లవాడికి ఎర్ర గీత పెట్టిన సందర్భాలు మాకున్నాయి. పాపం, వాడు నిజం రాశాడు. ఇన్నేళ్ళలో అలా ఎందరికి పెట్టామో! బీఎడ్‌లో మాకు ప్రయోగ పద్ధతి గురించి పేజీలకు పేజీలు నేర్పారు, పరీక్షలో రాశాం, బళ్ళోకి వచ్చి పెట్టె మీది అంకెకే మార్కులు వేశాం.

అమ్మాయి ఫోటో కత్తిరించలేదు. మర్నాడు ఆచార్యుల దగ్గరకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చూపించింది. ఆయన తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. "నీ నోటు పుస్తకంలో తేదీ వేసి రాశావా?" అని మాత్రం అడిగారట. రాయలేదంటే ముందు రాసి రమ్మన్నారట. తరువాత పదకొండు రోజులు కల్తీ ఎక్కడ జరిగిందో వెతకడమే పని. నీళ్ళు మార్చింది, వచ్చింది. చిన్న ముక్కల ద్రావణం మార్చింది, వచ్చింది. ఒక్కొక్కటే మార్చాలి, రెండు కలిపి మార్చకూడదు, మారిస్తే దేనివల్ల పోయిందో తెలియదు. చివరికి పిపెట్ దగ్గర దొరికింది. ముందు పరీక్షల డీఎన్‌ఏతో పనిచేసిన పిపెట్‌నే అన్నిటికీ వాడుతోంది. దాన్ని శుభ్రం చేయించి, నీళ్ళకు, ద్రావణాలకు వేరే పిపెట్, వేరే బల్ల పెట్టుకున్నాక నీళ్ళ గొట్టం ఖాళీగా వచ్చింది. ఆ రోజు ఫోను చేసి, "సార్, ఈ రోజు ఏమీ రాలేదు!" అని కేకలేసింది. ఏమీ రానందుకు ఇంత ఆనందపడిన మనిషిని మేము అంతకు ముందు చూడలేదు.

అప్పటికి మిగిలింది మూడు వారాలే. అనుకున్న నమూనాల్లో సగం కూడా పూర్తికాలేదు. తన నివేదికలో ఆ పదకొండు రోజుల గురించి నాలుగు పేజీలుంటే, ఫలితాల గురించి ఒకటిన్నర పేజీ ఉంది. తను 'తప్పిపోయింది' అంటున్నది దీన్నే. మేము ఆ నివేదిక చదివాం. మా దృష్టిలో ఆ నాలుగు పేజీల్లోనే అసలు చదువుంది. ఊరికి వచ్చాక ఒక రైతు పరీక్ష కాగితం తెచ్చి చూపిస్తే, తను మొదట అడిగింది "నీళ్ళ గొట్టం ఫలితం ఏదండీ?" అని. ఆ రైతు వెనక్కి వెళ్ళి ల్యాబు వాళ్ళను అడిగి తెచ్చుకున్నాడు. లక్షల సీడు కొనే ముందు అడగవలసిన ప్రశ్న అది.

మన పిల్లలకు శాస్త్రవేత్త అంటే కలాం గారొక్కరే గుర్తొస్తారు. మంచిదే. అయితే డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం గారి పేరు కూడా దిండి పిల్లలు తెలుసుకోవాలి. 1982 జనవరి 9న అంటార్కిటికా మీద దిగిన మొదటి భారత బృందానికి నాయకుడు ఆయన. అంతకు చాలాముందే, మన ఊరి నీళ్ళలాంటి కొచ్చి కయ్యల్లో సముద్రపు నీరూ మంచినీరూ కలిసే చోట నీటిలో జీవం ఎలా పుడుతుందో ఏళ్ళ తరబడి కొలిచారు. మనం బోటు షికారుకు తప్ప పనికిరావనుకునే నీళ్ళే అవి.

దాతలు ఇక్కడున్నారు కనుక ఇంకొకటి. చించినాడ వంతెన దాటి గంట ప్రయాణం చేస్తే భీమవరం. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్ రెండుసార్లు తప్పారు. అలాంటి మనిషి 1920లలో అమెరికా వెళ్ళడానికి మామగారు పోగుచేసిన డబ్బుతో పాటు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసా ఉంది. రంగూన్‌లో సంపాదించిన డబ్బు అది, ఇవాళ మన కువైట్ డబ్బులాగే. అక్కడికి వెళ్ళాక ఆసుపత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తి పొట్టపోసుకుంటూ చదివారు. తరువాత ఆయన నడిపిన పరిశోధనల నుంచి ఫోలిక్ ఆమ్లం తయారీ వచ్చింది, కాన్సరు మందు వచ్చింది, బోదకాలు మందు వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి మింగించే ఆ బోదకాలు మాత్ర మీలో సగం మంది మింగే ఉంటారు. నాయకర్ గారి సంస్థ రసీదు జతచేయమని అడిగిందో లేదో గానీ, ఆ డబ్బు కుర్రవాడిని ఓడ దాకా చేర్చింది.

ఆగస్టులో ఒక ఆదివారం అమ్మాయి, తండ్రి మా ఇంటికి వచ్చారు. భత్యంలో మిగిల్చి, పూర్తిగా 14,000 తెచ్చి బల్ల మీద పెట్టారు. మేము ఇచ్చిన కవరులోనే పెట్టి తెచ్చారు. అంటే మాకు పైసా ఖర్చు కాలేదు. మార్చి నుంచి ఆగస్టు వరకు డబ్బు చేతులు మారింది, అంతే. దానికోసం మన ఉపసంఘం నిబంధన తీసి చదివింది.

అందుకని కార్యవర్గం ముందు ఒక తీర్మానం పెడుతున్నాం. ఫీజుల సహాయం యథాప్రకారం ఉండనివ్వండి. దాని పక్కన, ఇలాంటి వేసవి అవకాశాలు వచ్చిన పిల్లలకు ప్రయాణానికి, హాస్టలు అడ్వాన్సుకు ఖర్జె హసనాగా ఇవ్వడానికి ఒక చిన్న నిధి విడిగా పెట్టండి. రసీదు బదులు ఎంపిక ఉత్తరం చాలనండి. ఏ నెలలో అడిగినా వారంలో ఇవ్వాలనండి. తిరిగి ఇవ్వలేని ఇల్లు ఉంటే, దాన్ని జకాత్ కింద చూడవచ్చో లేదో ఇక్కడి ఉలమాలు చెబుతారు, అందులో మేము తలదూర్చం. ఈ ఏడాది షీల్డులు మానేసి మొదలుపెట్టినా మాకు అభ్యంతరం లేదు. ఉపాధ్యాయుల తరఫున ఆ 14,000 మొదటి చందాగా ఇస్తున్నాం. అదే కవరు, ఇదిగో.

నవంబరు చివరి గడువుకు ఇంకా పదకొండు రోజులుంది. ఈ ఊరి నుంచీ చుట్టుపక్కల నుంచీ ముగ్గురు పిల్లలు దరఖాస్తు పెడుతున్నారు. వెనక వరుసలో కూర్చుని కాగితాలు దిద్దిస్తున్నది మన అమ్మాయే. ఇద్దరికి సిఫార్సు లేఖలు రాసే అధ్యాపకులు దొరికారు. మూడో అబ్బాయి కోసం రేపు పొద్దున్న మలికిపురం వెళుతున్నాం. బండి మీద మమ్మల్ని తీసుకెళతానన్నది మేత దుకాణంలో పనిచేసే ఆ కుర్రాడు.